జింకల కోసం పది గుంటల చేను

ఆడియోలో మాట్లాడిందే ఇక్కడ రాసి పెడుతున్నాం. అక్కడక్కడ మాట సరిచేశాం, అంతే.

కిందటి ఎపిసోడ్‌లో మాటల మధ్య "నేను ఇక్కడ జింకల కోసం చేను వేస్తున్నా" అన్నాను. ఆ ఒక్క మాటకు చాలా వాయిస్ మెసేజులు వచ్చాయి. దుబాయ్ నుంచి ఒక అన్న, "తమ్మీ, మా ఊళ్లో జింకలు పడకుండా రాత్రంతా డబ్బా కొడతం. నువ్వు వాటికి చేను వేసుడేంది?" అని నవ్వాడు. డల్లాస్ దగ్గరుండే ఒక అక్కయ్య, "మా ఇంటి వెనక రెండెకరాల ఖాళీ ఉంది, జింకలొస్తాయి. ఏ విత్తనం కొనాలి?" అని అడిగింది. ఈ రోజు ఇద్దరికీ జవాబు చెబుతాను. అక్కయ్య ప్రశ్న సులువు. అన్న ప్రశ్నకే కొంచెం టైం పడుతుంది.

కొత్తగా వింటున్నవాళ్ల కోసం నా సంగతి రెండు ముక్కల్లో. మాది నారాయణపేట జిల్లా, మక్తల్ వైపు. నాయినకు నాలుగెకరాలుంది. అక్క పెట్టిన పిటిషన్ మీద గ్రీన్ కార్డుతో వచ్చాను. తూర్పు టెక్సస్‌లో ఒక చిన్న టౌన్‌లో, గ్యాస్ స్టేషన్ స్టోర్‌లో రాత్రి షిఫ్టు చేస్తాను. మా ఓనర్ ఇక్కడి పెద్దాయన. ఆయనకు ఊరి బయట పైన్ చెట్ల అడవిలో కొంత భూమి ఉంది. నేను రైతు బిడ్డనని తెలిశాక, సెలవు రోజుల్లో ఆ చేను పని నాకు అప్పజెప్పాడు. గంటల లెక్కన జీతంలోనే కలిపి ఇస్తాడు.

ఇక్కడే ఒక మాట. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు, ఎఫ్‌1 స్టూడెంట్లు ఇట్లాంటి పనికి డబ్బులు తీసుకోవద్దు. క్యాష్ ఇస్తారు కదా, ఎవరికి తెలుస్తుంది అనుకోవద్దు. హెచ్‌1బీ ఏ కంపెనీ పేరు మీద ఉందో ఆ పనే చేయాలి. నాలుగు డాలర్ల కోసం వీసా మీదకు తెచ్చుకోకండి.

ఫుడ్ ప్లాట్ అంటే ఏంటి?

అడవిలో చెట్ల మధ్య ఖాళీ చూసి, దున్ని, జింకలు తినే పైరు వేస్తారు. దాన్నే ఫుడ్ ప్లాట్ అంటారు. కోత ఉండదు, నూర్పిడి ఉండదు. జింకే కోసుకుంటుంది. సైజు పావు ఎకరం నుంచి ఐదారు ఎకరాల దాకా ఉంటుంది. మా ఓనర్‌ది పావు ఎకరమే. తెలంగాణ లెక్కలో 10 గుంటలు, ఆంధ్రా లెక్కలో 25 సెంట్లు.

ఎందుకు వేస్తారని చాలామంది అడిగారు. దాచేదేం లేదు, ఎక్కువమంది వేట కోసమే వేస్తారు. చలికాలం సీజన్‌లో పచ్చగా ఉన్న చోటికి జింక వస్తుంది, మంచె మీద కూర్చున్నవాడికి కనబడుతుంది. పెద్ద ప్లాట్లయితే జింకలకు బలం పట్టాలని, ఆడజింక పిల్లకు పాలివ్వాలని, మగవాటికి కొమ్ములు బాగా ఎదగాలని కూడా వేస్తారు. వేట సంగతి నచ్చనివాళ్లు ఉంటారు, వాళ్ల మీద నాకు గౌరవమే. నేను తుపాకి పట్టను, విత్తనం చల్లుతాను.

ఇక్కడ ఉండేది తెల్లతోక జింక. బెదిరితే తోక పైకెత్తి తెల్లగా చూపిస్తూ పరుగెత్తుతుంది. 1900 నాటికి అమెరికా మొత్తం మీద ఇవి 5 లక్షలు కూడా మిగల్లేదని అంచనా. అమ్మకానికి విచ్చలవిడిగా చంపారు, అడవులు నరికారు. తర్వాత చట్టాలొచ్చాయి, లైసెన్సులొచ్చాయి, మిగిలిన చోట్ల నుంచి పట్టుకొచ్చి కొత్తగా వదిలారు. ఇప్పుడు ఒక్క టెక్సస్‌లోనే 50 లక్షలకు పైగా ఉన్నాయి.

సంచి మీద మన చిక్కుడు

మొదటిసారి విత్తనాల షాపుకు పోయినప్పుడు నాకు భలే అనిపించింది. జింక బొమ్మ వేసిన సంచి, పేరు "ల్యాబ్‌ల్యాబ్". తీరా గింజ చూస్తే చిక్కుడు! దాని పక్క సంచి "ఐరన్ అండ్ క్లే కౌపీ", అంటే అలసందలు. మీ వైపు బొబ్బర్లంటారు. ఇంకో సంచి "సన్ హెంప్". మనం పచ్చిరొట్టకు వేసి దున్నే జనుము. "ఈజిప్షియన్ వీట్" అని ఒకటుంది. పేరుకు గోధుమ కానీ అది జొన్న జాతే. చేను చుట్టూ పరదాలాగా పెంచుతారు, జింకకు భయం లేకుండా. మా తాత ఈ షాపులోకి వస్తే ఒక్క విత్తనం పేరు కూడా ఎవర్నీ అడగాల్సిన పని లేదు.

మరి అక్కయ్యా, చిక్కుడు వేయొచ్చా? చిన్న చేనులో వద్దు. చిక్కుడు, అలసంద ఎండాకాలం పైర్లు. ఇక్కడ ఏప్రిల్ చివర, మే నెలలో నేల బాగా వేడెక్కాక వేస్తారు. జింకలకు అవి ప్రాణం. రెండు మూడు ఆకులు వేసినప్పుడే మొదలు దాకా కొరికేస్తాయి. మళ్లీ చిగురు వేసే బలం ఆ వయసు మొక్కకు ఉండదు. మాకు పక్కనే ఉన్న లీజు వాళ్లు మే నెలలో చిన్న ముక్కలో చిక్కుడు వేశారు, రెండు వారాల్లో పుల్లలు మిగిలాయి. నాలుగైదు ఎకరాలుంటే జింకలు తిన్నా ఇంకా మిగులుతుంది. చిన్న చేనులోనే కావాలంటే మొక్క ఎదిగేదాకా కరెంటు కంచె పెట్టాలి.

పది గుంటలకు చలికాలం పైరే సరి. ఓట్స్, గోధుమ, వాటితోపాటు క్లోవర్. గడ్డి జాతి పైరుకు పెరిగే మొగ్గ నేలకు దగ్గరగా ఉంటుంది, పైన కొరికినా మళ్లీ లేస్తుంది. క్లోవర్ అంటే మూడాకుల పశుగ్రాసం, పప్పుజాతి. చలి తగ్గాక ఫిబ్రవరి, మార్చిలో పుంజుకుంటుంది. ఓట్స్ ముందు, క్లోవర్ వెనక, అట్లా ఆరేడు నెలలు చేను పచ్చగా ఉంటుంది.

మట్టి, సున్నం, విత్తనం

విత్తనం సంచి కొనే ముందు మట్టి పరీక్ష చేయించండి. చేనులో 10, 15 చోట్ల ఆరంగుళాల లోతు మట్టి తీసి, బకెట్‌లో కలిపి, అందులోంచి కొంచెం పంపాలి. టెక్సస్‌లో ఏ అండ్ ఎం యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ ల్యాబ్ చేస్తుంది. మిగతా రాష్ట్రాల్లో కూడా యూనివర్సిటీల ఎక్స్‌టెన్షన్ ఆఫీసులు ఉంటాయి. ఖర్చు ఒక సంచి విత్తనం కంటే తక్కువే.

మా పైన్ చెట్ల నేల ఇసుక నేల, పులుపెక్కువ. పీహెచ్ 5.4 వచ్చింది. క్లోవర్‌కు 6 దాటాలి. అది తక్కువుంటే ఎరువు ఎంత వేసినా మొక్క సరిగా తీసుకోలేదు. ఎకరాకు 2 టన్నుల సున్నపురాయి పొడి వేయమన్నారు. ఇక్కడ టన్ను అంటే 2000 పౌండ్లు. పావు ఎకరానికి 1000 పౌండ్లు, అంటే 40 పౌండ్ల సంచులు 25. ఆ సున్నం పని చేయడానికి నెలలు పడుతుంది. అందుకే ఎండాకాలంలోనే చల్లి మట్టిలో కలిపేశాను. టెక్సస్ మధ్యలో హిల్ కంట్రీ వైపున్న వాళ్లకు ఈ పని లేదు. వాళ్ల నేల కిందే సున్నపురాయి. మీ నేలకు ఏం కావాలో పక్కూరి వాడి నేల చెప్పదు.

విత్తడం సెప్టెంబర్ చివర. దాని కంటే తొందరపడితే ఒక పాత మిత్రుడు వస్తాడు. ఎవరో తెలుసా? కత్తెర పురుగు! 2018లో మన దేశంలో మొదటిసారి కనబడి, మన మొక్కజొన్నను నాశనం చేసింది చూడండి, అదే. దాని సొంత ఇల్లు అమెరికా ఖండమే. వేడి తగ్గకముందే లేత ఓట్స్ మొలిస్తే రెండు మూడు రోజుల్లో ఊడ్చేస్తుంది. మొలక వచ్చాక పొద్దున్నే పోయి ఆకుల కింద చూసుకోవాలి.

మా పావు ఎకరానికి నేను చల్లింది ఇది: ఓట్స్ 12 పౌండ్లు, గోధుమ 12, క్రిమ్సన్ క్లోవర్ 4, యారోలీఫ్ క్లోవర్ ఒకటిన్నర. పెద్ద గింజలు ముందు చల్లి, గుంటక లాంటిది లాగి అంగుళం లోతు మట్టి కప్పాను. క్లోవర్ గింజ ఆవాల కంటే చిన్నది. పావు అంగుళం కంటే లోతు పోతే బయటికి రాదు. దాన్ని ఆఖర్న పైపైన చల్లి, చిన్న బండి చక్రాలతో తొక్కించాను. వాన పడే ముందు రోజు చూసుకుని చల్లితే సగం పని వానే చేస్తుంది.

షాపులో మోసపోకుండా మూడు మాటలు. ఒకటి, సంచి మీద బొమ్మ చూడకండి, వెనక ట్యాగ్ చదవండి. మొలక శాతం ఎంత, కలుపు గింజలు ఎంత, పై పూత బరువు ఎంత, అన్నీ అందులో ఉంటాయి. పూత వేసిన క్లోవర్‌లో మూడో వంతు బరువు పూతదే ఉండొచ్చు. రెండు, "రై" వేరు, "రైగ్రాస్" వేరు. రై అంటే గోధుమ లాంటి ధాన్యం. రైగ్రాస్ అనేది గడ్డి, ఒకసారి గింజ రాలిందంటే ఏళ్ల తరబడి వదలదు. మూడు, పూత లేని క్లోవర్ కొంటే రైజోబియం కల్చర్ పట్టించాలి. కందికి, వేరుశనగకు పట్టించినట్టే. కానీ క్లోవర్‌కు దాని కల్చరే కావాలి, వేరే పంటది పనికిరాదు.

ఇంకో చిన్న ఉపాయం. విత్తిన రోజే చేను మధ్యలో మూడు నాలుగడుగుల వెడల్పు ఇనుప జాలీ గుండ్రంగా చుట్టి పాతండి. లోపల పైరును జింక తినలేదు. నెల తర్వాత లోపల మోకాలెత్తు, బయట చీలమండ ఎత్తు ఉంటే మొలక బాగుంది, జింకలు తింటున్నాయని అర్థం. లోపల కూడా లేకపోతే తప్పు జింకలది కాదు, నేలది.

అక్టోబర్‌లో చేనుకు జింకలు రాకపోతే కంగారు పడకండి. ఓక్ చెట్ల కాయలు రాలే కాలం అది. ఆ కాయలు దొరికితే జింక మీ ఓట్స్ మొహం చూడదు. అసలు జింక తిండిలో ఎక్కువ భాగం అడవిదే. తీగలు, చిగుళ్లు, హనీసకిల్, గ్రీన్‌బ్రయర్, కాయలు. మన పది గుంటలు పక్కన పచ్చడి లాంటివి. అడవి అన్నం పెట్టని చోట పచ్చడితో కడుపు నిండదు.

దుబాయ్ అన్న ప్రశ్న

ఇప్పుడు అన్న అడిగినదానికి వస్తాను. చేను వీడియో నాయినకు పంపినప్పుడు ఆయన కూడా ఇదే అడిగాడు. "జింకల కోసం విత్తనాలు చల్లితే నీకు పైసలిస్తున్నరా?" అని. ఇస్తున్నరు నాయినా అన్నా. కొంచెం సేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఇక్కడ మేం రెండుసార్లు పత్తి గింజ పెట్టినం. రెండుసార్లూ అవే తిన్నయి. ఆ గింజల పైసలు ఎవరిస్తరు?" అన్నాడు.

మా వైపు కృష్ణజింకలు మందలు మందలుగా ఉంటాయి. మక్తల్, మాగనూరు, కృష్ణా మండలాల వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. తొలకరికి పత్తి, కంది మొలక రాగానే వస్తాయి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద వాటికి పూర్తి రక్షణ ఉంది, ఉండాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌కు అదే రాష్ట్ర జంతువు. తెలంగాణకు చుక్కల జింక. కానీ ఆ రక్షణకు రోజూ మేత పెడుతున్నది ఎవరు? మంచె మీద నిద్ర కాచే మా నాయిన.

ఇక్కడ లెక్క వేరుగా ఉంది. టెక్సస్‌లో 90 శాతానికి పైగా భూమి ప్రైవేటుది. జింకలు ఎవరి సొత్తూ కావు, జనం అందరివీ. కానీ తన భూమిలోకి వచ్చి వేటాడటానికి రైతు లీజు తీసుకుంటాడు. జింక ఉంటేనే లీజు. 1995లో ఇక్కడి రాజ్యాంగం సవరించి, అప్పటికే సాగు పన్ను రాయితీ ఉన్న భూమిని వన్యప్రాణుల కోసం నిర్వహించినా ఆ రాయితీ కొనసాగేట్టు చేశారు. ఏడు రకాల పనుల్లో కనీసం మూడు చేయాలి. మేత ఏర్పాటు వాటిలో ఒకటి, ఫుడ్ ప్లాట్ అందులోకే వస్తుంది. దేశమంతటా 1937 చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వచ్చే పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు పోతుంది. అంటే ఇక్కడ జింక రైతు ఖాతాలో ఆదాయం వైపు ఉంది. మా నాయిన ఖాతాలో ఖర్చు వైపు ఉంది. జింక మీద ప్రేమలో తేడా లేదు అన్నా, ఖాతాలో తేడా.

తమాషా ఏంటంటే, హిల్ కంట్రీలో మన చుక్కల జింక కూడా ఉంది. 1932 ప్రాంతంలో తెచ్చి వదిలారు, ఇప్పుడు అడవుల్లో వేలల్లో తిరుగుతున్నాయి. కృష్ణజింక కూడా ఉంది. మన జింక, మన చిక్కుడు తింటూ. అక్కడ భూమి ఉన్నవాడు దాన్ని చూసి సంతోషిస్తాడు, ఇక్కడ మా నాయిన డబ్బా తీస్తాడు.

"అయితే మన ఊరి దగ్గర కూడా జింకలకు ఒక చేను వేసి వదిలితే, మన పంట జోలికి రావు కదా?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. నేను కూడా దీని మీద చాలా ఆలోచించాను. రాదనే చెబుతాను. మేత పెరిగితే పిల్లలు ఎక్కువ బతుకుతాయి, మంద పెరుగుతుంది. ఇక్కడ ఆ పెరుగుదలను ఏటా వేట తగ్గిస్తుంది. మన దగ్గర వేట లేదు, తోడేళ్లు తగ్గిపోయాయి. పది గుంటల మేత రెండేళ్లు కూడా ఆపదు. పైగా చేను పక్కనే మేత వేస్తే దారి చూపించినట్టే. మన జింకకు కావలసింది గడ్డి బీడు. ఆ బీళ్లన్నీ దున్నేశాం, ప్లాట్లు చేశాం. ఊరంతా కలిసి, ప్రభుత్వం ఖర్చుతో, పంటలకు దూరంగా గడ్డి భూములు నిలిపితే అది వేరే మాట. ఒక్క రైతు మీద మాత్రం ఆ భారం వేయకూడదు.

నాయిన ఈ ఏడు భూమి పడావు పెడతా అన్నాడు. నేను పంపే డబ్బులతో ఇల్లు గడుస్తుంది, ఇక ఎందుకీ కాపలా అన్నాడు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. నేను ఇక్కడ అడవిలో విత్తుతూ, మా సొంత భూమి బీడు పడటం ఏంటి? రెండు నెలలు ఫోన్లలో మాట్లాడుకున్నాం. చివరికి బీడు వైపున్న ఎకరంన్నరలో ఆముదం పెడుతున్నాడు, జింక దాన్ని ముట్టదని ఆయన అనుభవం. లోపల కంది. పత్తి ఈసారి లేదు. ఆముదంలో పత్తి అంత డబ్బు రాదు. కానీ రాత్రి ఇంట్లో పడుకుంటాడు. అరవై దాటిన మనిషికి అది కూడా దిగుబడే అని అమ్మ అంది.

జాగ్రత్తలు

చేను వేసినా వేయకపోయినా, అమెరికాలో ఉన్నవాళ్లు ఇవి గుర్తు పెట్టుకోండి.

రూల్స్ రాష్ట్రానికొకటి. టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో మొక్కజొన్న పోసి వేటాడొచ్చు. ఇల్లినాయ్‌లో అడవి జింకలకు మేత పోయడమే నిషేధం. కొందరు చలికాలంలో జాలిపడి పెరట్లో మొక్కజొన్న కుప్ప పోస్తారు. జింకది ఆవులాగా నెమరువేసే కడుపు. ఒక్కసారిగా గింజ పడితే పులుపెక్కి చచ్చిపోవచ్చు కూడా. కుప్ప దగ్గర మూతులు కలిసి రోగాలు అంటుకుంటాయి. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే మెదడు జబ్బు 30కి పైగా రాష్ట్రాల్లో ఉంది, మందు లేదు, దాని విషం మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది. మనుషులకు వచ్చినట్టు ఇంతవరకు తేలలేదు. అయినా జబ్బు తేలిన జింక మాంసం తినొద్దని ఆరోగ్య శాఖ చెబుతుంది. ఎవరైనా మాంసం ఇస్తే టెస్ట్ చేయించారా అని అడగండి, మొహమాటపడొద్దు.

టెక్సస్‌లో చెట్ల మీద, స్తంభాల మీద ఊదా రంగు పెయింట్ గీతలు కనబడితే లోపలికి పోవద్దని అర్థం. బోర్డు ఉండాల్సిన పని లేదు. నవంబర్, డిసెంబర్‌లో అడవి వైపు నడవాలంటే మెరిసే నారింజ రంగు జాకెట్ వేసుకోండి.

గడ్డిలో తిరిగి వచ్చాక ఒళ్లంతా పిడుదులు చూసుకోండి. ఇక్కడ లోన్ స్టార్ టిక్ అని ఒకటుంది. అది కుట్టినవాళ్లలో కొందరికి మేక, గొర్రె, గొడ్డు, పంది మాంసం తింటే ఒళ్లు దద్దుర్లెక్కి ఊపిరాడని అలర్జీ వస్తుంది. చికెన్, చేపలకు రాదు. ఇక జన్మలో మటన్ బిర్యానీ లేదంటే ఎట్లుంటుందో ఊహించుకోండి. ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోవడం నామోషీ ఏం కాదు.

రాత్రి షిఫ్టు వాళ్లకు, ట్రక్కు అన్నలకు: అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా జింకలు రోడ్డెక్కే కాలం. పొద్దు పొడిచే ముందు, మునిగాక ఎక్కువ. ఒకటి దాటితే వెనక ఇంకోటి ఉంటుంది. బ్రేక్ వేయండి, స్టీరింగ్ పక్కకు కోయకండి. జింకను తప్పించబోయి చెట్టుకు కొట్టుకున్నవాళ్లే ఎక్కువ దెబ్బతింటారు.

ఈ రోజుకు ఇంతే. మీ ఊళ్లో జింకకైనా అడవిపందికైనా పంట కాపాడుకోవడానికి మీ పెద్దలు ఏం చేస్తున్నారో వాయిస్ మెసేజ్ పెట్టండి. ఆముదమా, కుసుమ కంచెనా, చీరల కంచెనా, ఏది పనిచేసింది, ఏది చేయలేదు, ఖర్చెంత, అన్నీ చెప్పండి. వచ్చిన మెసేజులన్నీ కలిపి తొలకరికి ముందే ఒక ఎపిసోడ్ చేద్దాం. ఊళ్లో విత్తనం కొనే ముందు మన నాయినలకు వినిపించేట్టు. ఉంటా మరి, జాగ్రత్త.